ముందు ప్రశ్న, తర్వాత బీరువా

నోటీసు బోర్డు మీద పోటీ ప్రకటన పడింది. ఐదు నిమిషాల ఉపన్యాసం, విన్నవాళ్ళను ఒప్పించాలి. ఉత్సాహంగా పేరు ఇచ్చేశారు. ఇప్పుడేం చేస్తారు?

చాలామంది చేసేది ఒకటే. లైబ్రరీ పీరియడ్‌లో వ్యాసాల పుస్తకం తీస్తారు. విషయసూచికలో తమ అంశానికి దగ్గరగా ఉన్న వ్యాసం పట్టుకుని మూడు పేజీలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. రెండు రోజులు బట్టీ పట్టి, వేదికెక్కి గడగడా అప్పజెప్పి దిగుతారు. చప్పట్లు పడతాయి, కాదనను. కానీ హాల్లో ఒక్కరైనా మనసు మార్చుకున్నారా?

మార్చుకోరు. ఆ వ్యాసం రాసినాయనకు మీ ఎదుట కూర్చునేది ఎవరో తెలియదు. వాళ్ళ మనసులో ఏ మాట అడ్డుపడుతోందో అసలే తెలియదు. అవి తెలిసింది మీకే. అందుకే ఈ అధ్యాయంలో నేను మళ్ళీ మళ్ళీ చెప్పేది ఒక్కటే: వినేవాళ్ళ నోట వచ్చే ‘కాదు’ ఏమిటో ముందు పట్టుకోండి, దానికి జవాబు వెతకడానికి లైబ్రరీకి వెళ్ళండి. ఆ ‘కాదు’ తెలియకుండా బీరువా తెరిస్తే ఏ పుస్తకం తీయాలో తోచదు. తెలిసి తెరిస్తే అట్ట ఊడిన తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం కూడా అక్కరకొస్తుంది.

“మా బళ్ళో లైబ్రరీ అంటే రెండు బీరువాలు, వాటికో తాళం. అందులో ఏం దొరుకుతుందండీ?” అంటారా? సరే, ఆ రెండు బీరువాలతోనే పని కానిద్దాం. మీకు వచ్చిన అంశం ‘రోడ్డు భద్రత’ అనుకోండి. అదే ఉదాహరణను పట్టుకుని చివరిదాకా నడుద్దాం.

1. అంశాన్ని ఒక్క వాక్యానికి కుదించండి

‘రోడ్డు భద్రత’ గురించి ఐదు నిమిషాల్లో ఏం చెబుతారు? తాగి నడపొద్దు, ఫోన్ మాట్లాడొద్దు, సిగ్నల్ దాటొద్దు, సీటు బెల్టు పెట్టుకోండి. తలా అర నిమిషం. ఇంటికెళ్ళేసరికి విన్నవాళ్ళకు ఒక్కటీ గుర్తుండదు.

రెండు ప్రశ్నలు వేసుకోండి. నా మాట విన్నాక వాళ్ళు ఏ పని చేయాలి? ఆ పని చేయగలిగినవాళ్ళు హాల్లో ఉన్నారా? మీ ఎదుట ఉండేది ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు. వాళ్ళకు లైసెన్సు వచ్చే వయసు కాదు. కాబట్టి ‘బండి జాగ్రత్తగా నడపండి’ అని చెప్పి లాభం లేదు. కానీ వాళ్ళలో ఎంతమంది రోజూ పొద్దున నాన్న బండి మీదో, అన్నయ్య బండి మీదో వెనక కూర్చుని వస్తున్నారు? అదీ మీ అంశం. ‘బండి వెనక కూర్చునేవాళ్ళు కూడా హెల్మెట్ పెట్టుకోవాలి.’

వాక్యం కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దాన్ని విని ఎవరైనా “అక్కర్లేదు” అనగలరా? ‘పర్యావరణాన్ని కాపాడుకోవాలి’ అంటే ఎవరూ కాదనరు. ఎవరూ కాదననిచోట ఒప్పించడానికి ఏముంది? కాదనేవాళ్ళు ఉన్న వాక్యమే ఉపన్యాసానికి పనికొచ్చే వాక్యం.

2. ఒక రోజంతా ‘కాదు’లు పోగుచేయండి

పుస్తకం ముట్టుకోవద్దు. ఒక కాగితం, పెన్ను జేబులో పెట్టుకుని ఇంట్లో, బస్టాపులో, టిఫిన్ బండి దగ్గర, క్లాసులో ఒకటే ప్రశ్న అడగండి: “వెనక కూర్చున్నప్పుడు హెల్మెట్ ఎందుకు పెట్టుకోరు?” జవాబు విని వాదించకండి. నవ్వకండి. వాళ్ళన్న మాట వాళ్ళన్నట్టే రాసుకోండి. ఇలాంటివి వస్తాయి:

- “పక్క వీధికే కదరా. ముప్పై దాటి పోను.”
- “రూలు నడిపేవాడికి. నాకెందుకు?”
- “ముందు నడిపే మనిషి ఉన్నాడుగా, వెనక ఉన్న నాకేమవుతుంది?”
- “అబ్బా, ఉక్క. చెమటకి జుట్టంతా పాడవుతుంది.”
- “రెండో హెల్మెట్ కొన్నా, దిగాక దాన్ని ఎక్కడ పెట్టుకోను?”
- “రాసిపెట్టి ఉంటే హెల్మెట్ ఉన్నా ఆగదు నాయనా.” ఇది నానమ్మది.

ఈ కాగితాన్ని జాగ్రత్తగా చూడండి. పైకి అన్నీ సాకుల్లాగే కనిపిస్తాయి. కానీ ఒక్కొక్కటి ఒక్కో రకం. మొదటిది వేగం గురించి, అంటే భౌతికశాస్త్రం. రెండోది చట్టం. మూడోది లెక్కలు అడుగుతోంది. నాలుగోది ఒంటికి సంబంధించింది. ఐదోది వసతి. ఆరోది నమ్మకం. ఆరు ‘కాదు’లకు ఆరు రకాల జవాబులు కావాలి. ‘రోడ్డు భద్రత’ అనే పేరున్న పుస్తకం మీ లైబ్రరీలో లేకపోయినా ఇక నష్టం లేదని తెలుస్తోందా?

3. ఏ ‘కాదు’కి ఏ అర?

మీ బళ్ళో పుస్తకాల వీపు మీద అంకెలు అంటించి ఉంటే మీరు అదృష్టవంతులు. అవి చాలావరకు డ్యూయీ దశాంశ పద్ధతివే అయి ఉంటాయి. 1876లో అమెరికాలో వచ్చిన ఈ పద్ధతిలో విజ్ఞానాన్నంతా పది భాగాలు చేసి అంకెలిచ్చారు. మొత్తం గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మన ఉదాహరణకు కావలసినవి ఇవి: చట్టం 340, ప్రజల భద్రత 363, రవాణా 388, యాంత్రికశాస్త్రం 531, మనిషి శరీరం పనిచేసే తీరు 612. ఒక్క హెల్మెట్ కోసం ఐదు చోట్లకు వెళ్ళాలన్నమాట. 363 దగ్గరే ఆగిపోయినవాడికి ఒక ముక్కే దొరుకుతుంది.

అంకెలు లేవా? అయితే స్టాక్ రిజిస్టర్ అడగండి. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకం పేరు, రచయిత, ధర అందులో వచ్చిన వరుసలో ఎక్కించి ఉంటాయి. బీరువా ముందు నిలబడి వెతికితే ముందు వరస పుస్తకాలే కనిపిస్తాయి. రిజిస్టర్ తిరగేస్తే వెనక వరసలో, కింది అరలో పడుకోబెట్టిన పుస్తకాలు కూడా తెలుస్తాయి. పనికొస్తాయనిపించిన వాటి వరస నంబర్లు రాసుకుని ఒకేసారి తీయించుకోండి.

ఇక మన కాగితం మీది ‘కాదు’లను అరల దగ్గరికి పంపిద్దాం.

- వేగం: తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో చలనం, న్యూటన్ నియమాలు, స్వేచ్ఛాపతనం.
- చట్టం: ఇయర్ బుక్, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు, పాత దినపత్రికలు.
- లెక్కలు: ఇయర్ బుక్, ‘యోజన’ లాంటి మాసపత్రికలు, దినపత్రికల్లో ప్రత్యేక కథనాలు.
- ఒళ్ళు: జీవశాస్త్రంలో నాడీ వ్యవస్థ పాఠం, ఆరోగ్యం మీద పుస్తకాలు, ‘చెకుముకి’ లాంటి పిల్లల సైన్సు పత్రికలు.
- వసతి: దీనికి పుస్తకం లేదు. మీ బడి సైకిల్ స్టాండుకు వెళ్ళి, హెల్మెట్లు తగిలించడానికి చోటుందేమో చూసి రండి.
- నమ్మకం: దీని సంగతి కాసేపట్లో చెబుతాను.

4. లైబ్రరీ సార్‌ను అడిగే పద్ధతి

తాళం చెవి ఉన్న మనిషే లైబ్రరీలో అన్నిటికన్నా పెద్ద వనరు. కానీ అడగడం తెలియాలి. ఈ రెండు సంభాషణలు చూడండి.

“సార్, రోడ్డు భద్రత మీద పుస్తకం ఉందా?”

“లేదమ్మా.”

అయిపోయింది. ఇప్పుడు రెండోది.

“సార్, బండి వెనక కూర్చున్నవాళ్ళు హెల్మెట్ పెట్టుకోకపోతే జరిమానా ఎంతో ఎందులో దొరుకుతుంది?”

“చట్టం పుస్తకమైతే లేదు. ఆ పచ్చ అట్ట జీకే పుస్తకంలో ఉంటుంది గానీ అది పాతదమ్మా, దాన్ని నమ్ముకోకు. చట్టం మధ్యలో మారింది. ఇయర్ బుక్కులు పై అరలో ఉన్నాయి, 2020 తర్వాతవి తీసుకో. అందులో లేకపోతే రేపు లంచ్‌లో రా, కంప్యూటర్ గదిలో చూద్దాం.”

సార్ అదే, బీరువా అదే. ప్రశ్నలో పుస్తకం పేరు బదులు మీకు కావలసిన సంగతి ఉంది, అంతే తేడా. ఇంకో మాట. గంట కొట్టే ముందు, సార్ రిజిస్టర్లో తలమునకలుగా ఉన్నప్పుడు వెళ్ళకండి. “సార్, ఎప్పుడు రమ్మంటారు?” అని ముందే అడిగి వెళ్తే మీ కోసం రెండు పుస్తకాలు తీసి పక్కన పెట్టి ఉంచుతారు.

5. పుస్తకం మొత్తం చదవకండి

ఆశ్చర్యపోకండి. కథల పుస్తకమైతే మొదటి పేజీ నుంచి చదవాలి. జవాబు కోసం తీసిన పుస్తకాన్ని ముందు విషయసూచిక దగ్గర, తర్వాత చివర ఉండే పదసూచిక దగ్గర తెరవాలి. పదసూచికలో ఒక్క మాటకే కట్టుబడకండి. ‘హెల్మెట్’ లేకపోతే ‘శిరస్త్రాణం’ చూడండి, అదీ లేకపోతే ‘ద్విచక్ర వాహనం’, ‘ప్రమాదం’, ‘తల గాయం’ చూడండి. దొరికిన పేజీకి ముందు పేజీ, తర్వాతి పేజీ తప్పకుండా చదవండి. మధ్యలో ఒక్క వాక్యం పీకితే దాని అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

పావుగంటలో ఆ పుస్తకం మీ ప్రశ్నకు జవాబివ్వకపోతే మూసి పక్కన పెట్టండి. బాగుంది కదా అని చదువుతూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుంది.

6. ఒక సంగతికి ఒక చీటీ

పాత నోట్సుల్లో మిగిలిన తెల్లకాగితాలను నాలుగు ముక్కలుగా కత్తిరించుకోండి. ఒక్కో చీటీ మీద ఒక్క సంగతే రాయండి. ఎందుకు? ఉపన్యాసం కూర్చేటప్పుడు చీటీలను ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. నోట్సులో వరసగా రాసుకున్నది జరగదు.

చీటీ మీద నాలుగు ఉండాలి. పై వరసలో ఎవరి ‘కాదు’కి ఇది జవాబో. మధ్యలో సంగతి, మీ సొంత మాటల్లో. కింద పుస్తకం పేరు, రచయిత లేదా సంస్థ, అచ్చయిన సంవత్సరం, పేజీ. పక్కన, ఇది మీకు సాయం చేస్తుందో అడ్డుపడుతుందో తెలిపే చిన్న గుర్తు. ఒక చీటీ మీద పై వరస, సంగతి ఇలా ఉంటాయి:

‘రూలు నడిపేవాడికే కదా.’ మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 129. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపినా వెనక కూర్చున్నా, హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు. 2019 సవరణ.

ఈ చీటీ చేతికొచ్చాక ఏం జరిగిందో గమనించారా? నాలుగేళ్ళు! హాల్లో ఉన్న ప్రతి ఒక్కరూ, వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కూడా ఆ రూలు కిందికే వస్తారు. పిల్లలకు వర్తించదనుకునేవాళ్ళకు జవాబు ఒక్క వాక్యంలో దొరికింది.

7. ఏ ఏడాదిది? ఈ ప్రశ్న వదలొద్దు

బడి లైబ్రరీల్లో పుస్తకాలు పాతబడి ఉండటం మామూలే. కథలకు, కవిత్వానికి, న్యూటన్ నియమాలకు పాతదైనా ఇబ్బంది లేదు. చట్టాలకు, లెక్కలకు మాత్రం ప్రమాదం.

హెల్మెట్ జరిమానానే చూడండి. 2019కి ముందు అచ్చయిన పుస్తకంలో మొదటి తప్పుకు 100 రూపాయల వరకు అని ఉంటుంది. 2019 సవరణ తర్వాత చట్టంలో అది 1,000 రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. మీరు వేదిక మీద “వంద రూపాయలు” అన్నారనుకోండి. మొన్నే ఫైన్ కట్టిన వాళ్ళ నాన్న గుర్తొచ్చి వెనక బెంచీవాడు పకపకా నవ్వుతాడు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరి చెవికీ ఎక్కవు.

ఒక్కోసారి రెండు చోట్ల రెండు అంకెలు దొరుకుతాయి. కంగారు పడకండి. హెల్మెట్ వల్ల ప్రాణం పోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని కొన్ని పాత ప్రచురణల్లో ఉంటుంది. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి తేల్చిన అంకెలవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటీవలి ప్రచురణల్లో, సరిగ్గా పెట్టుకుంటే మరణించే ముప్పు ఆరు రెట్లకు పైగా తగ్గుతుందనీ, మెదడుకు గాయమయ్యే ముప్పు 74 శాతం వరకు తగ్గుతుందనీ ఉంది. ఏది చెప్పాలి? కొత్తది చెప్పండి, ఎవరు చెప్పారో కూడా చెప్పండి. రెండింటినీ కలిపేసి ‘80 శాతం’ అని సొంత అంకె మాత్రం పుట్టించకండి. ఇక్కడ ‘సరిగ్గా పెట్టుకుంటే’ అన్న మాట కూడా చూశారా? గడ్డం కింద పట్టీ బిగించకుండా నెత్తిన పెట్టుకున్నది లెక్కలోకి రాదు. ఆ మాట వదిలేస్తే సగం సంగతి వదిలేసినట్టే.

8. అంకెను ఉన్నదున్నట్టు చెప్పండి

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ ఏటా రోడ్డు ప్రమాదాల నివేదిక వేస్తుంది. ఇయర్ బుక్కులకు, పత్రికలకు చాలా అంకెలు అక్కడినుంచే వస్తాయి. 2022 నివేదిక ప్రకారం దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ చనిపోయినవాళ్ళు 50,029. అందులో నడిపేవాళ్ళు 35,692, వెనక కూర్చున్నవాళ్ళు 14,337.

మూడో ‘కాదు’ గుర్తుందా? ‘వెనక ఉన్న నాకేమవుతుంది?’ దానికి జవాబు ఈ చివరి అంకె. దీన్ని 365తో భాగించండి. రోజుకు 39 మంది. చాలా బళ్ళలో ఒక సెక్షన్‌లో అంతమందే ఉంటారు. పద్నాలుగు వేలు అంటే చెవికి తగిలి జారిపోతుంది. “రోజుకు ముప్పై తొమ్మిది మంది, మా టెన్త్ బీ సెక్షన్ అంత” అంటే నిలుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. ‘హెల్మెట్ లేకపోవడం వల్ల చనిపోయారు’ అని చెప్పకండి. ‘హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ చనిపోయారు’ అనండి. హెల్మెట్ ఉండి ఉంటే వాళ్ళంతా బతికేవారని ఆ నివేదిక అనడం లేదు. ఈ చిన్న తేడాను న్యాయనిర్ణేత పట్టుకునే ముందు మీరే పట్టుకోండి.

9. దొరికిన సూత్రంతో లెక్క మీరే చేయండి

మొదటి ‘కాదు’కి వద్దాం. “పక్క వీధికే కదరా, ముప్పై దాటి పోను.” అన్నిటికన్నా గట్టి మాట ఇదే, ఎందుకంటే వినడానికి నిజంలాగే ఉంటుంది. ముప్పై వేగమంటే ఎవరికి భయం?

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం తీయండి. బండి ఠక్కున ఆగినా, మీ ఒళ్ళు అదే వేగంతో ముందుకు పోతుందని న్యూటన్ మొదటి నియమం చెబుతుంది. మరి ఆ వేగం ఎంత? గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8.33 మీటర్లు. ఎంత ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి ఆ వేగం వస్తుంది? స్వేచ్ఛాపతనం పాఠంలో సూత్రం ఉంది: వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. 8.33 వర్గం 69.4. దాన్ని 19.6తో భాగిస్తే 3.54. అంటే మూడున్నర మీటర్లు, సుమారు పదకొండున్నర అడుగులు.

ఇప్పుడు వేదిక మీద మీరేమంటారు? “ముప్పై వేగంలో తల రోడ్డుకు నేరుగా కొట్టుకోవడమంటే, మన బడి డాబా మీదినుంచి తలకిందులుగా పడటం. పక్క వీధికే కదా అని డాబా మీదినుంచి ఎవరైనా దూకుతారా?” హాలు నిశ్శబ్దమవుతుందో లేదో చూడండి. నలభై వేగానికి లెక్క మీరే చేసుకోండి. ఆరు మీటర్లు దాటుతుంది.

ఈ వాక్యం ఏ వ్యాసాల పుస్తకంలోనూ దొరికేది కాదు. పాఠ్యపుస్తకంలో సూత్రం, బస్టాపులో విన్న ‘కాదు’, మీ చేతిలో పెన్సిలు కలిస్తే పుట్టింది. ఒక్క మాట: ఇలాంటి లెక్కను వేదికెక్కే ముందు సైన్సు టీచర్‌కు చూపించండి. తప్పుంటే అక్కడే తేలిపోతుంది.

10. మీకు అడ్డుపడే చీటీని పారేయకండి

ఉక్కపోత సంగతి ఏం చేద్దాం? మే నెల మధ్యాహ్నం హెల్మెట్‌లో చెమట పట్టదని చెబితే ఎవరు నమ్ముతారు? ఒప్పుకోండి. “నిజమే, ఉక్కగా ఉంటుంది. చెమట ఇంటికెళ్ళి తుడుచుకోవచ్చు.” తర్వాత జీవశాస్త్రం చీటీ తీయండి. పుర్రె లోపల మూడు పొరలు, వాటి మధ్య ద్రవం మెదడుకు రక్షణగా ఉన్నాయి. పదకొండున్నర అడుగుల దెబ్బకు ఆ రక్షణ చాలదు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర నలిగి ఆ దెబ్బలో కొంత తను తీసుకుంటుంది. ఐఎస్ఐ గుర్తు లేని పల్చటి టోపీల్లో ఆ పొరకే దిక్కుండదు.

మరి జుట్టు పాడవుతుందా? మీ లైబ్రరీలో జవాబు దొరకలేదా? అయితే ఆ మాట ఎత్తకండి. ఎవరైనా అడిగితే “దాని గురించి నేను చదివినంతలో దొరకలేదు” అనండి. తెలియనిది తెలియదన్నవాడి మీద, తెలిసింది చెప్పినప్పుడు నమ్మకం పెరుగుతుంది.

ఇక నానమ్మ మాట. ‘రాసిపెట్టి ఉంటే’ అన్నదానికి అంకెలతో జవాబు చెప్పబోకండి. నమ్మకాన్ని వెక్కిరిస్తే హాల్లో అదే నమ్మకం ఉన్నవాళ్ళందరూ మీకు ఎదురు తిరుగుతారు. “నానమ్మా, రాసిపెట్టింది ఏమిటో మనకెవరికీ తెలియదు. తలుపుకు మాత్రం రోజూ గడియ పెట్టుకునే పడుకుంటాం కదా” అంటే ఆవిడే నవ్వి తలూపుతుంది.

పేపరు కట్టలను వదలకండి

బీరువా మీద దుమ్ముపట్టి ఉండే దినపత్రికల కట్టలు తూకానికి పోయేలోపు మీకు చాలా పనికొస్తాయి. జిల్లా పేజీలు తిరగేయండి. మీ మండలంలో ఏ మలుపు దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయో తెలుస్తుంది. ఢిల్లీ అంకె కన్నా ఊరి చివరి కల్వర్టు ఎక్కువ ఒప్పిస్తుంది. తేదీ, పత్రిక పేరు, పేజీ చీటీ మీద ఎక్కించండి. కానీ ప్రమాదంలో పోయినవాళ్ళ పేర్లు వేదిక మీద చెప్పకండి. ఆ ఇంటివాళ్ళు హాల్లో ఉండొచ్చు. వాళ్ళ దుఃఖం మీ ఉపన్యాసానికి సరుకు కాకూడదు.

ఇంతా వెతికి ఒకటి రెండు జవాబులు దొరక్కపోతే? మండలంలో శాఖా గ్రంథాలయం ఉందేమో, జిల్లా కేంద్రంలో కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళే వీలుందేమో చూడండి. బళ్ళో కంప్యూటర్ ఉంటే టీచర్ సాయంతో మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులోనే అసలు నివేదిక తెరవండి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మ మీది అంకె మాత్రం చీటీకి ఎక్కడానికి వీల్లేదు.

తరచూ జరిగే ఐదు పొరపాట్లు

1. ‘ఒక సర్వే ప్రకారం’ అనడం. ఎవరి సర్వే? ఎప్పటిది? పేరు చెప్పలేని సర్వేను వాడకపోవడమే మేలు.

2. మహనీయుల పేరుతో గాలి సూక్తులు. అబ్దుల్ కలాం అనని మాటలు ఆయన పేరు మీద ఎన్నో తిరుగుతున్నాయి. ఆయన పుస్తకం మీ బీరువాలోనే ఉండొచ్చు. ఆ పేజీ మీ కళ్ళతో చూస్తేనే చెప్పండి.

3. దొరికిందంతా దంచేయడం. ముప్పై చీటీలు పోగయ్యాయని ముప్పై చెప్పక్కర్లేదు. ఐదు నిమిషాలకు ఐదారు చాలు. మిగిలినవి జేబులో ఉంటే ఎదురుప్రశ్నలకు పనికొస్తాయి.

4. పుస్తకం భాషను దించేయడం. ‘ద్విచక్ర వాహన చోదకులు శిరస్త్రాణ ధారణ పట్ల ఉదాసీనత వహించుచున్నారు’ అని రాసుంటే, మీరు ‘హెల్మెట్ పెట్టుకోవడం లేదు’ అనండి.

5. మొదట నిర్ణయించుకున్న వాక్యాన్ని పట్టుకుని వేలాడటం. వెతుకుతుంటే మీ అభిప్రాయం తప్పని తేలొచ్చు. అప్పుడు వాక్యం మార్చుకోండి. పోటీకి ఇంకా టైముంది కదా?

చీటీల నుంచి ఉపన్యాసానికి

చీటీలన్నీ నేల మీద పరిచి, ఒక్కో ‘కాదు’ కింద దానికి సంబంధించినవి పేర్చండి. ఏ ‘కాదు’ కింద మంచి చీటీలు ఉన్నాయో ఆ మూడింటినే తీసుకోండి. వినేవాళ్ళు ఎక్కువగా అనే మాటతో మొదలుపెట్టండి. వాళ్ళ మాట వాళ్ళకే వినిపిస్తే చెవులు రిక్కిస్తారు. గట్టి జవాబును చివరికి ఉంచండి.

ఆధారం చెప్పేటప్పుడు పేజీ నంబర్లు చదవక్కర్లేదు. “కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 నివేదికలో ఉంది” అంటే చాలు. చీటీ మాత్రం చేతిలో ఉండాలి. ఎవరైనా “ఎక్కడుంది?” అంటే చూపించడానికి.

ముగింపులో చేయమని అడిగే పని చిన్నదిగా ఉండాలి. “రేపటినుంచి దేశమంతా మారాలి” అంటే ఎవరూ కదలరు. “ఈ సాయంత్రం ఇంటికెళ్ళి, ‘నాన్నా, రెండో హెల్మెట్ కొందాం’ అని అడగండి” అంటే అడిగేవాళ్ళు ఉంటారు. మరి ‘దిగాక దాన్ని ఎక్కడ పెట్టుకోను?’ అన్న ఐదో ‘కాదు’? సైకిల్ స్టాండులో కొక్కేలు వేయించమని హెడ్‌మాస్టరు గారికి మీ క్లాసు తరఫున అర్జీ రాసి, దాని నకలుతో వేదికెక్కండి.

ఈ వారం మీ పని

- సోమవారం: అంశాన్ని ఒక్క వాక్యం చేయండి. కాదనేవాళ్ళు ఉన్నారో లేదో ఇద్దరి మీద పరీక్షించండి.
- మంగళవారం: పుస్తకం ముట్టకుండా కనీసం ఐదు ‘కాదు’లు రాసుకోండి.
- బుధవారం: స్టాక్ రిజిస్టర్ చూసి, లైబ్రరీ సార్‌ను సరైన ప్రశ్న అడగండి.
- గురు, శుక్రవారాలు: చీటీలు రాయండి. ప్రతి చీటీ మీద ఏడాది ఉందో లేదో చూసుకోండి.
- శనివారం: లెక్కలు టీచర్‌కు చూపించి, మూడు ‘కాదు’లు ఎంచుకుని ఉపన్యాసం కూర్చండి.
- ఆదివారం: ఇంట్లో అందరికన్నా గట్టిగా కాదన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. మధ్యలో ఆపి ప్రశ్నలు వేయమనండి.

జవాబు చెప్పలేని ప్రశ్న ఆదివారం ఒకటైనా వస్తుంది. దాన్ని కొత్త చీటీ మీద రాసుకోండి. సోమవారం లైబ్రరీ తెరవగానే మొదట వెతకాల్సింది అదే.